పడవ తియ్యనన్నాను

బెంగళూరు,
ఆదివారం

షహనాజ్ ఆపాకి తమ్ముడు రఫీ సలాం.

ఇంట్లో అందరూ కులాసాయేనా? మీ ఆయనకి, అదే మా దూలాభాయికి, మోకాలి నొప్పి తగ్గిందా? రేపల్లెలో వానలు గట్టిగా పడుతున్నాయని టీవీలో చూశాను. మీ వీధిలోకి నీళ్ళు రాలేదు కదా? నేను బాగానే ఉన్నాను. నా గురించి బెంగ పెట్టుకోకు.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఫోన్‌లో నువ్వు ఏడుస్తావు, నేను ఊఁ ఊఁ అని పెట్టేస్తాను. కాయితం మీదైతే చివరిదాకా చెప్పగలనేమోనని రాస్తున్నాను.

ఇక్కడా ప్రెస్సులో బైండింగ్ పనే. తెనాలిలో మన అబ్బా పెట్టిన కొట్లో చేసిందే, కాకపోతే మిషన్లు పెద్దవి. పొద్దున తొమ్మిదికి వెళ్తే సాయంత్రం ఏడింటికి వదులుతారు. రోజూ ఒక తుంపర, కాస్త చలి. మెస్సులో సాంబారు తియ్యగా ఉంటుంది. మొదట్లో మింగుడు పడేది కాదు. ఇప్పుడు తీపో కారమో తెలియడం లేదు, తినేస్తున్నాను. ఒంట్లో బాగానే ఉంది.

కొట్టు మూసేసిన రోజు నా కంట్లో చుక్క నీరు రాలేదని అన్నావు. నిజమే. షట్టర్ దించి, అద్దె గది తాళం ఓనరు చేతికిచ్చి, పక్కన టీ తాగాను. ఇంటికెళ్తే హసీనా అడిగింది, "ఇప్పుడు మనం ఏం చేద్దాం?" అని. నీ ఇష్టం అన్నాను. "నేనూ బెంగళూరు రానా?" అంది. నీ ఇష్టం అన్నాను. "పోనీ బాపట్లలో మావాళ్ళ దగ్గర ఉండనా?" అంది. దానికీ అదే అన్నాను. మర్నాడు బట్టలు సర్దుకుని వెళ్ళిపోయింది. మీరంతా మొగుడూ పెళ్ళాలకి ఏదో గొడవైందనుకుంటున్నారు. గొడవ కూడా కాలేదు ఆపా.

పోయిన నెల మా ప్రెస్సుకి ఒక ఆట పుస్తకం వచ్చింది. ఆటకి పుస్తకమేంటి అనుకున్నాను. ముందుగా నాలుగు నమూనా కాపీలు కుట్టిచ్చాను. అది తయారుచేసిన మానస అనే అమ్మాయి తెలుగమ్మాయే. ఈ ఆట ఎప్పుడూ చూడనివాళ్ళకి పుస్తకం అర్థమవుతుందో లేదో తెలుసుకోవాలి, ఆదివారం మధ్యాహ్నాలు ప్రెస్సులోనే కాసేపు కూర్చుంటారా అని అడిగింది. అచ్చయిన ఫారాలు మడతపెట్టే లక్ష్మమ్మక్క, కటింగ్ మిషన్ సెల్వం సరేనన్నారు. గదిలో ఉండి చేసేదేముందని నేనూ వెళ్ళాను.

ఆటంటే బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడుకోవడమే. పేకలుండవు, గళ్ళుండవు. కథలో తలా ఒక మనిషిని తీసుకుంటాం. ఆ మనిషికి ఏది ఎంత చేతనవునో కాయితం మీద అంకెలుంటాయి. మానస కథ చెబుతూ చెబుతూ ఆగి, "ఇదీ పరిస్థితి, ఏం చేస్తారు?" అంటుంది. మనం చెప్పాలి. మామూలు పనైతే జరిగిపోతుంది. కష్టమైనదైతే ఇరవై ముఖాల పాచిక వెయ్యాలి. ఆ అమ్మాయి చెప్పిన అంకె గానీ పైది గానీ పడితే పని అయినట్టు, తక్కువైతే కానట్టు. తర్వాత ఏమైందో మళ్ళీ తనే చెబుతుంది.

"ఎవరు గెలిచినట్టమ్మా?" అనడిగాను.

"ఎవరూ గెలవరు అంకుల్. కథ ముందుకెళ్తుంది, అంతే."

నాకు పడవవాడు వచ్చాడు. లక్ష్మమ్మక్క వైద్యురాలు, సెల్వం సిపాయి. రెండు ఆదివారాలు నేను "వాళ్ళెటు వెళ్తే అటే" అంటూ గడిపేశాను. మూడో ఆదివారం ఏటికి వరదొచ్చింది. అవతలి ఊళ్ళో జ్వరాలు, మందులు వీళ్ళ దగ్గరున్నాయి. ఇప్పుడే దాటాలని ఇద్దరూ అన్నారు.

"పడవ మీది. తీస్తారా?" అంది మానస.

"మీ ఇష్టమమ్మా."

"వాళ్ళిష్టం వాళ్ళు చెప్పేశారు. మీది చెప్పండి."

సెల్వం నవ్వాడు. మానస నవ్వలేదు, తొందరపెట్టలేదు. పెన్ను పక్కన పెట్టి నావైపే చూస్తూ కూర్చుంది. నేను గోళ్ళలో ఎండిపోయిన బంక గీక్కుంటూ ఎంతసేపున్నానో తెలియదు.

"తియ్యను. వరద తగ్గేదాకా ఆగుదాం," అన్నాను.

సెల్వం గయ్‌మన్నాడు. వాళ్ళని ఒప్పించాలంటే పదకొండు పడాలంది మానస. వేశాను. ఆరు పడింది. వాళ్ళిద్దరూ పడవ లాక్కుని వెళ్ళిపోయారు. నా మనిషి ఒడ్డున మిగిలాడు.

"ఇప్పుడతనికి ఎలా ఉంది అంకుల్?"

"ఏం లేదమ్మా," అన్నాను. అదే కాయితం మీద రాసుకోమంది. రాశాను.

ప్రెస్సు మెట్లు దిగుతూనే హసీనాకి ఫోన్ చేశాను. ముందే ఏమీ అనుకోలేదు. "నువ్వు ఇక్కడ నాతో ఉండాలని నాకుంది," అన్నాను.

"ఇది నువ్వు కొట్టు మూసిన రోజు చెప్పాల్సింది," అంది.

"అవును."

"రాను," అంది.

నాకు లోపల ఏమీ కదల్లేదు ఆపా. అబద్ధం ఎందుకు రాయడం? కానీ ఫోన్ పెట్టెయ్యలేదు, తనూ పెట్టలేదు. కాసేపటికి, "ఫోన్‌లో అడిగితే రాను. మా ఇంటికొచ్చి, మా అబ్బా ఎదుట అడుగు. అప్పుడు ఆలోచిస్తా," అంది.

శుక్రవారం, శనివారం లీవు పెట్టాను. శనివారం పొద్దున తెనాలిలో దిగి బాపట్ల రైలెక్కుతాను. నువ్వు రేపల్లె నుంచి బస్సులో బాపట్ల వచ్చెయ్. ఇద్దరం కలిసే వాళ్ళింటికి వెళ్దాం. ఒక్కటే అడుగుతున్నాను. అక్కడ నా తరఫున నువ్వేం మాట్లాడకు. మా తమ్ముడు మంచివాడు, వాడికి నోరు లేదు అని మొదలుపెట్టకు. నేనే అడుగుతాను. కాదంటే ఆ రాత్రికి మీ ఇంట్లో పడుకుని ఆదివారం బండెక్కుతాను.

దూలాభాయికి, వాళ్ళమ్మగారికి నా సలాం చెప్పు. పిల్లలకి ముద్దులు. ఐదు పూటలా నమాజులో చేసే దువాలో నా పేరుతో పాటు హసీనా పేరు కూడా చేర్చు.

నీ తమ్ముడు,
రఫీ