ఒక్క ఊచ

అక్కా,

ఆదివారం ఆటో మాట్లాడొద్దని బావగారికి చెప్పు. మా బొగ్గు మీ ఇంటికి రావడం లేదు. దానికోసం నువ్వు కొన్న గొలుసు ఎవరికైనా ఇచ్చెయ్యి.

పక్కింటి డ్రిల్లు మాస్టారి సంగతి నీకు తెలిసిందే. రిటైరైనప్పటి నుంచి రోజూ పొద్దున్నే మా గేటు ఊచల మీద చేతికర్రని టకటకలాడిస్తూ పోతాడు. బొగ్గు గొంతు చించుకుని మొరుగుతుంది. తిరిగొచ్చి, "మీ కుక్క గోల భరించలేం, మున్సిపాలిటీ వాళ్ళకి పట్టిస్తా" అంటాడు. ఒళ్ళు మండేది కానీ, తగువుకి దిగే ధైర్యం లేకే దాన్ని మీ ఇంట్లో ఉంచుకోమని అడిగాను.

పోయిన వారం బుధవారం మిషను కుడుతుంటే కాళ్ళ దగ్గర గుడ్డపీలికల కుప్ప కనిపించింది. గేటుకున్న పద్నాలుగు ఊచలకీ అవి చుట్టి, జారకుండా కుట్లు వేసేశాను.

మర్నాడు మహానుభావుడు కర్ర ఆడించాడు. చప్పుడు లేదు. బొగ్గు కళ్ళు కూడా తెరవలేదు. మళ్ళీ ఆడించాడు. గేటు తీసుకుని నేరుగా లోపలికే వచ్చాడు. నేను చేతిలో కత్తెరతోనే లేచాను.

"ఏమ్మా, దానికి ఒంట్లో బాగాలేదా? అన్నం తిందా?" అంటూ దాని పక్కన గొంతుక్కూర్చున్నారు.

ఇన్నాళ్ళూ నేను హడలిపోయింది ఈయనకా! ఇక పట్టిస్తానన్న మాట ఎత్తనని చెప్పించుకున్నాకే పీలికల సంగతి చెప్పాను.

ఆయన వెళ్ళాక ఒక్క ఊచకి మాత్రం పీలిక విప్పేశాను. ఇప్పుడు రోజూ ఆయన దానిమీద ఒక్కసారి కొడతారు, బొగ్గు పడుకునే ఒక్కసారి మొరుగుతుంది. ఆ తర్వాత ఎవరి దారి వాళ్ళది.

నీ చెల్లి