సమాధికి పోగా మిగిలిన సున్నం

అత్తమ్మా, వందనాలు.

నువ్వు పోయి ఏడాది దాటి నాలుగు నెలలైంది. సంవత్సరం ప్రార్థన కూడిక బాగానే జరిగింది. పాస్టరుగారు నీ గురించి మంచి మాటలు చెప్పారు. బోనకల్ నుంచి మీ చెల్లెలు వచ్చింది. కూరలో ఉప్పు తక్కువైందంటూనే మళ్లీ మళ్లీ వేయించుకుంది. నువ్వుంటే నవ్వేదానివి...

ఉత్తరాలు రాయడం నాకు అలవాటు లేదు. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. కానీ నోటితో చెప్పలేనివి నీకు తప్ప ఇంకెవరికీ చెప్పి ఎరగను. నేను నసుగుతూ ఉంటే నువ్వు బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ వినేదానివి. కాసేపయ్యాక "ఊఁ, అసలు సంగతి చెప్పు పిల్లా" అనేదానివి.

అసలు సంగతి మన ఇల్లు.

మామయ్య పోయాక బ్యాంకు నుంచి నెలనెలా నీ ఖాతాలో డబ్బు పడేది, గుర్తుందా? పెద్ద వయసు వాళ్లకు సర్కారు పూచీతో ఇచ్చే అప్పు. ఇల్లు తాకట్టు పెట్టాలి. నువ్వు బతికినన్నాళ్లు కట్టేది లేదు, ఇల్లు ఖాళీ చేసేది లేదు. వాడకట్టులో అందరూ నీకు పిచ్చి పట్టిందన్నారు. నువ్వు మాత్రం "నా ఇల్లే నాకు పింఛన్ ఇస్తున్నది, కొడుకు ముందట చెయ్యి చాపుడెందుకు" అని బడాయిగా చెప్పుకునేదానివి. నీ షుగర్ మందులు ఆ డబ్బుతోనే వచ్చాయి. నా కాన్పు కష్టమైనప్పుడు ఖమ్మం దవాఖానాలో కట్టింది కూడా ఆ డబ్బే. నేను, పాప బతికి ఉన్నామంటే ఈ ఇల్లు పెట్టిన బతుకే కదా...

నువ్వు పోయాక ఆ అప్పు మా ముందుకొచ్చింది. కట్టి కాగితాలు విడిపించుకోవాలి, లేదంటే బ్యాంకు ఇల్లు అమ్ముకుంటుంది. వడ్డీ మీద వడ్డీ ఎక్కి అప్పు బాగా పెరిగింది. అయితే ఆ స్కీములో ఒక దయ ఉంది. అప్పు ఎంతున్నా సరే, ఇంటికి ఇవాళ ఉన్న విలువ అంతకన్నా తక్కువైతే ఆ విలువ కడితే చాలట. అందుకని బ్యాంకు తరఫున వాల్యూయర్ వచ్చి, ఇల్లు చూసి, ఎంత చేస్తుందో రాసిస్తాడు. ఇంటిని ఉన్నది ఉన్నట్టు చూసి రాస్తే, మా చిట్టీ డబ్బు, నీ కొడుకు దాచింది కలిపి సరిపోతుంది. అప్పంతా కట్టాలంటే మా వల్ల కాదు.

ఇదంతా నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలియదు. నీ కొడుకు నాతో అన్నది ఇంతే. "సోమవారం బ్యాంకోళ్ల మనిషి ఇల్లు చూడనీకి వస్తడు. నాకు షిఫ్టున్నది. నువ్వే చూపియ్యి."

ఎందుకు చూస్తాడు, ఏం చూస్తాడు అని నేను అడగలేదు. నువ్వున్నప్పుడు ఇంటి సంగతులు నువ్వే నాకు విప్పి చెప్పేదానివి. అతనికి చెప్పడం రాదు, నాకు అడగడం రాదు. మా ఇద్దరి మధ్య నువ్వే ఉండేదానివి అత్తమ్మా...

అది ఈస్టర్ ముందు వారం. శనివారం నాడు నీ సమాధికి సున్నం వేశాం. సమాధి కట్టించాక నీకు అదే మొదటిసారి. పక్కన మామయ్యకు కూడా వేశాం. బకెట్ నిండా కలిపితే మీ ఇద్దరికీ పోగా సగం మిగిలింది. సమాధికి కలిపింది ఇంటికి తీసుకుపోకూడదు, పారబొయ్యి అని పక్కింటి సుగుణక్క అంది. నేను పారబోయలేదు. నువ్వు ఏటా తెచ్చేదానివి కదా. "సమాధిల ఉన్నోళ్లు, ఇంట్ల ఉన్నోళ్లు ఒక్క కుటుంబమే గద, సున్నం మాత్రం వేరేనా" అని, ఆ మిగిలిన సున్నంతోనే ముందు గోడకు ఒక పూత వేసేదానివి.

నేను కూడా అదే చేశాను. కాకపోతే ముందు గోడతో ఆగలేదు.

ఊరి పక్క ఓపెన్ కాస్ట్ బొగ్గు గనిలో మధ్యాహ్నం సైరన్ కొట్టి బాంబు పేల్చినప్పుడల్లా మన గోడలు ఎట్లా అదురుతాయో నీకు తెలుసు. కిటికీ మీద నుంచి మొదలైన పగులు నువ్వు పోయాక ఇంకా వెడల్పయింది, అర్ధరూపాయి బిళ్ల దూరేంత. వంటింట్లో ఇంకొకటి లేచింది. అవి చూస్తే నీ మాటే గుర్తొచ్చింది. "మనిషి ఇంటికొస్తే గోడ నవ్వాలె పిల్లా, పండ్లు ఇకిలించొద్దు." సున్నంలో ఇసుక, కొంచెం సిమెంటు కలిపి పగుళ్లన్నీ పూడ్చాను. ఆరాక పైన రెండు పూతలు వేశాను. గడపకు ఎర్రమట్టి జాజు పూశాను. ఇల్లు చూసుకుంటే నాకే ముద్దొచ్చింది.

సోమవారం ఆ వాల్యూయర్ వచ్చాడు. పెద్దమనిషే, మర్యాదగా చెప్పులు బయట విడిచాడు. చేతిలో చిన్న మిషను. నొక్కితే గోడ మీద ఎర్ర చుక్క పడుతుంది, ఎంత దూరముందో అందులోనే కనబడుతుందట. పాప ఆ ఎర్ర చుక్కను పట్టుకోవాలని గోడ పొడవునా తిరిగింది. నేను వంటింటి తలుపు వెనకాల నిలబడ్డాను. "గోడలు పగిలినయా అమ్మా? వానకు కురుస్తదా?" అని అడిగాడు.

నేను తల అడ్డంగా ఊపాను.

చర్ల అవతల అడవిలోని మా ఊళ్లో నేను పెరిగింది అట్లానే అత్తమ్మా. ఫైలు పట్టుకునో, తుపాకీ పట్టుకునో ఎవరన్నా వచ్చి ఏదన్నా అడిగితే, ఏమీ లేదు, ఏమీ తెలియదు అని తల ఊపాలి. మా అమ్మ మాకు మాటల కన్నా ముందు నేర్పింది అదే. అక్కడ ఇళ్లకు కాగితాలే లేవు, ఇక విలువ కట్టేదెవరు? ఆ తల ఊపడం నా వెంట మన ఇంటి దాకా వచ్చింది...

ఆయన చాయ్ తాగి, "పాత ఇల్లయినా మంచిగ పెట్టుకున్నరు" అని వెళ్లాడు. ఆ మాటకు నేను ఎంత మురిసిపోయానో తెలుసా? నువ్వుంటే బాగుండు, నీకు చెబుదును అని సాయంత్రం దాకా అదే అనుకున్నాను.

నీ కొడుకు షిఫ్టు దిగి వచ్చి గోడ చూశాడు. వేలితో రుద్దాడు. వేలు తెల్లగా అయింది. "ఎవలు చెప్పిండ్రు నీకు ఇది చెయ్యమని?" అన్నాడు. బూట్లు కూడా విప్పకుండా గడప మీద కూర్చుని, అప్పుడు చెప్పాడు, విలువ ఎందుకు తక్కువ రావాలో. అరిస్తే బాగుండేది. అరవలేదు.

తర్వాత వచ్చిన రిపోర్టులో ఏముందో అతనే చదివి వినిపించాడు. ఇల్లు పాతదైనా గట్టిగా ఉంది, గోడల్లో పగుళ్లు లేవు... విలువ అప్పు కన్నా ఎక్కువే వచ్చింది. అంటే అప్పంతా కట్టాలి.

సుగుణక్క నోరు నీకు తెలుసు కదా. "పెళ్లిచూపులకు పిల్లను ముస్తాబు చేసినట్టు చేసినవ్ గదనే ఇల్లును. నచ్చింది మరి వాళ్లకు" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తర్వాత తనే గిన్నెలో చేపల పులుసు తెచ్చిపెట్టి పోయింది.

నీ కొడుకు టౌన్‌లో కిరాయి గదులు చూడడం మొదలుపెట్టాడు. బ్యాంకుకు వెళ్లి ఇల్లు బాగా లేదని చెప్పడం అతనికి నామోషీ. పగుళ్లు ఎట్లా వచ్చాయని అడిగితే ఏం చెప్పాలి? అతను పనిచేసేది ఆ గనిలోనే, అదీ కాంట్రాక్టు కింద. అతన్ని తప్పు పట్టలేను. నువ్వైతే ఏం చేసేదానివి?

ఒక మధ్యాహ్నం సైరన్ కొట్టారు. బాంబు పేలింది. అలమారలో గిన్నెలు గలగలమన్నాయి. నేను గోడ వైపు చూస్తే, పూడ్చిన చోటే మళ్లీ సన్నగా వెంట్రుక లాంటి గీత. ఇల్లు నాకన్నా నయం అనిపించింది. అడిగిన దానికి సరిగ్గా జవాబు చెబుతోంది.

పొయ్యి దగ్గర నుంచి అట్లకాడ తెచ్చాను. నేను పెట్టిందంతా గీకడం మొదలుపెట్టాను. పగులు వెంట పోతూ పోతూ మామయ్య ఫోటో దగ్గరికి వచ్చాను. ఫోటో తీశాను.

దాని వెనక ఇంకో పగులు... అది నాది కాదు. పాత సున్నంతో పూడ్చి ఉంది. గీకితే పొర కింద పొర వచ్చింది. అవి నీ ఈస్టర్ పూతలే కదా అత్తమ్మా?

అప్పుడు గుర్తొచ్చింది. నేను కాపురానికొచ్చిన ఏడాది, ఈ అప్పు కోసం మొదటిసారి బ్యాంకు మనిషి ఇల్లు చూడడానికి వచ్చే ముందు, నువ్వు మామయ్య ఫోటోను పడమటి గోడ నుంచి ఇక్కడికి మార్చావు. ఎందుకత్తమ్మా అంటే, "ఇక్కడైతే ఆయనకు వీధి కనబడ్తది" అన్నావు. నేను నిజమే అనుకున్నాను. ఇన్నేళ్లూ ఇల్లు ఊడ్చేటప్పుడు, మామయ్య వీధి చూస్తున్నాడని ఆయనకు అడ్డం రాకుండా పక్కకు జరిగేదాన్ని.

అప్పుడు విలువ ఎక్కువ రావాలి, నెలనెలా ఎక్కువ పడాలంటే. ఇప్పుడు తక్కువ రావాలి. ఇల్లు అదే, పగులు అదే, పూసిన సున్నం కూడా అదే. నువ్వు చేస్తే మాకు అన్నమైంది. నేను చేస్తే... నీ మీద కోపం వచ్చిందా అంటే, కొంచెం వచ్చింది. ఆ ఫోటో పట్టుకుని నేల మీద కూర్చుని నవ్వాను కూడా. తర్వాత చాలాసేపు ఏడ్చాను. అంత కష్టం నీ ఒక్కదానిలోనే ఎట్లా దాచుకున్నావు?

మర్నాడు నీ కొడుకుతో చెప్పాను, నేను బ్యాంకుకు పోతానని. అతను నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. రానన్నాడు, వద్దని మాత్రం అనలేదు.

సుగుణక్క తోడు వచ్చింది. బస్సులో ఉన్నంతసేపూ చెప్పాల్సిన మాట మనసులో అనుకుంటూనే ఉన్నాను. మేనేజరు ముందు నిలబడేసరికి అదంతా మరిచిపోయాను. సుగుణక్క నోరు తెరవబోతే ఆపాను. "సార్, ఇంటికొచ్చిన సారుకు నేను అబద్ధం చెప్పిన. గోడలు పగిలినయ్. నేనే పూడ్చిన" అన్నాను. విలువ తగ్గించమని అడిగేవాళ్లు వస్తారు గానీ, అబద్ధం చెప్పానని ఒప్పుకోవడానికి వచ్చినవాళ్లను చూడలేదన్నాడు మేనేజరు. మళ్లీ చూడాలంటే ఫీజు మళ్లీ కట్టాలి, విలువ తగ్గుతుందని మాట ఇవ్వలేను, అప్పు కట్టే గడువు మాత్రం ఆగదు అన్నాడు. సరేనన్నాను. ఫీజు కోసం కోళ్లను అమ్మాను. నీ ఎర్ర పుంజును కూడా... ఏమనుకోకు.

ఆ వాల్యూయరే మళ్లీ వచ్చాడు. ఈసారి నేను తలుపు వెనకాల నిలబడలేదు. ముందు గదిలోనే నిలబడ్డాను. పగుళ్లన్నీ చూపించాను, మామయ్య ఫోటో తీసి అది కూడా. అన్నిటికీ ఫోటోలు తీసుకుని, సంచి సర్దుకుంటుంటే, "సార్, సైరన్ కొట్టేదాకా ఉండుండ్రి" అన్నాను. చాయ్ ఇచ్చాను. నిదానంగా తాగుతూ కూర్చున్నాడు.

సైరన్ కొట్టింది, బాంబు పేలింది. ఆయన చేతిలో కప్పు, సాసరు టకటకమన్నాయి. పగుల్లోంచి సున్నం పొడి ఆయన కాగితాల మీద రాలింది. ఆయన లేచి గోడకు అరచెయ్యి ఆనించి, కాసేపు అట్లాగే ఉన్నాడు. పాప కూడా పోయి పక్కన చెయ్యి ఆనించింది. "ఈ పగుళ్లు ఎందుకొచ్చినయో రాయాలె నేను. ఎందుకొచ్చినయమ్మా?" అన్నాడు.

నీ కొడుకు ఉద్యోగం కళ్ల ముందు మెదిలింది. "నేను చెప్పేదేమున్నది, మీరే విన్నరు గద సార్" అన్నాను.

ఆయన నవ్వలేదు. ఆ కాగితాన్ని దులపకుండానే మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

రిపోర్టు ఇంకా రాలేదు. వానలు మొదలయ్యాయి. పగుళ్లు పూడ్చొద్దని అనుకున్నాం. రాత్రి కిటికీ పైనుంచి నీళ్లు కారితే నీ కొడుకే లేచి బేసిన్ పెట్టాడు. కిరాయి గదికి అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు. పొద్దున షిఫ్టుకు పోయేముందు, "నేను ముందే నీకు చెప్పాల్సుండె" అన్నాడు. ఆ ఒక్క మాటతో నాకు ఎంత ధైర్యం వచ్చిందో... ధైర్యం ఉంది గానీ నిద్ర మాత్రం పట్టడం లేదు. పోస్టు బండి చప్పుడైతే గడప దాకా పరుగెత్తుతున్నాను. తప్పు ఒప్పుకున్నా ఇల్లు పోతే, నేను ఈ పాపకు ఏం చెప్పాలి?

మామయ్య ఫోటోను మళ్లీ అక్కడ పెట్టలేదు. పడమటి గోడకు, దాని పాత మేకుకే తగిలించాను. ఆయనకు వీధి కనబడదు. మేము కనబడతాం.

అత్తమ్మా, ఒక్క మాట ఇస్తున్నాను. ఆ కాగితంలో ఏం రాసి వచ్చినా, వచ్చే ఈస్టర్ ముందు శనివారం నేను నీ దగ్గరికి వస్తాను. బకెట్, కుంచె తెస్తాను. ఇంటికి కూడా మిగిలేటట్టు కలుపుతానో, మీ ఇద్దరికి సరిపోయేంతే కలుపుతానో... అది ఇవాళ నాకు తెలియదు.

నీ కోడలు పిల్ల,
కరుణ