బ్రేకు మీద కాలు

విజయవాడ,
6 ఫిబ్రవరి 2009

ప్రియమైన ఉషకు,

నేను కులాసా. హాస్టల్ మెస్సులో పప్పూ చారూ ఒకటే, పేర్లే వేరు. ఈ డెప్యుటేషన్ అయిపోయి ఎప్పుడు బిలాస్‌పూర్ వచ్చి నీ చేతి వంట తింటానా అని ఉంది. ట్రైనింగ్ స్కూల్లో మాత్రం నాకు మంచి పేరే వచ్చింది. కొత్త లోకో పైలట్లకు కోస్టింగ్ చెబుతున్నాను. స్పీడు అందుకున్నాక పవరు తీసేసి రైలును దాని ఊపు మీద పోనివ్వడం. కరెంటు పొదుపుకు మన డివిజన్లో నాకు షీల్డు ఇచ్చింది ఆ విద్యకే కదా.

ఇక అసలు సంగతి. నువ్వు కొన్న హైబ్రిడ్ కారు లీటరుకు పన్నెండు కిలోమీటర్లే ఇస్తోందని తమ్ముడు చిన్నారావు ఫోన్లో చెప్పాడు. పెట్రోలు ఇంజనూ బ్యాటరీ మోటారూ రెండూ ఉన్న బండి అది. ఊళ్లో పద్దెనిమిది రావాలి. తప్పు బండిది కాదు, నీ కాలిది. నీ కాలు ఎప్పుడూ బ్రేకు మీదే ఉంటుంది. నేర్పించేటప్పుడే చెప్పాను, విన్నావు కాదు.

రైల్వేలో ఏ ఆర్డరైనా కాగితం మీద ఉండాలి కాబట్టి రాసి పంపుతున్నాను. ఓవర్‌బ్రిడ్జి మీద నుంచి దిగేటప్పుడు గేరు న్యూట్రల్‌లో పెట్టు. సిగ్నలు దూరంగా కనబడగానే న్యూట్రల్. గేటు పడితే తాళం తిప్పి బండి ఆపేయ్. బ్రేకు ఆఖరి క్షణంలోనే. ఆ మీటర్లో లేచే ఆకుపచ్చ గీతలు చూస్తూ కూర్చోకు, రోడ్డు చూడు.

దగ్గు తగ్గిందా? మిరియాల కషాయం మానకు.

నీ మేలు కోరే
అప్పలస్వామి


బిలాస్‌పూర్,
17 ఫిబ్రవరి

ప్రియమైన మీకు,

మీ ఆర్డరు అందింది. ఆఫీసు స్టాంపు ఒక్కటే తక్కువ. దగ్గు తగ్గింది.

మీరు చెప్పినట్టే అక్షరం పొల్లుపోకుండా నడిపాను. ఓవర్‌బ్రిడ్జి మీద న్యూట్రల్‌లో దిగుతుంటే వెనక బొగ్గు లారీవాడు హారను మీద నుంచి చెయ్యి తీయలేదు. రైల్వే గేటు దగ్గర తాళం తిప్పేస్తే ఏసీ కూడా ఆగిపోయి కారులో ఉడికిపోయాను. పక్క స్కూటరాయన కిటికీ కొట్టి "బ్యాటరీ బైఠ్ గయీ క్యా, మేడమ్?" అని, బ్యాటరీ పోయిందనుకుని జాలిపడ్డాడు. అసలు బండి నిలబడితే ఇంజను దానంతటదే ఆగుతుంది కదండీ, మళ్లీ నేను ఆపడమేమిటి? ఇంత చేసినా ఈసారి పదకొండే వచ్చింది.

ఒక సంగతి గమనించాను. కోప్పడకుండా చదవండి. దూరం నుంచే బ్రేకు మీద మెల్లగా కాలు ఆనిస్తే ఆ ఆకుపచ్చ గీతలు లేస్తున్నాయి. చక్రాల ఊపు కరెంటుగా మారి బ్యాటరీలోకి పోతోందని వాటి అర్థమట, షోరూం అమ్మాయి చెప్పింది. న్యూట్రల్‌లో పెడితే ఒక్క గీతా లేవదు. అంటే ఆ ఊపంతా గాలికి పోతున్నట్టే కదా. ఒక నెల నా పద్ధతిలో నడిపి చూడనా?

పక్క క్వార్టరు మంగాయమ్మ గారు, రాత్రి దీన్ని ఏ ప్లగ్గులో పెడతావమ్మా అని ఇంకా అడుగుతూనే ఉన్నారు. పెట్టక్కర్లేదండీ, ఇదే నడుస్తూ సంపాదించుకుంటుంది అంటే నమ్మరు. నాకు మాత్రం దీన్ని చూస్తే మురిపెం ఆగడం లేదు. బోద్రీలో మా బ్యాంకు బ్రాంచికి ఇన్నేళ్లు షేర్ ఆటోల్లో ఎలా వెళ్లానో మీకు తెలియదు. ఎవడి మోచెయ్యి ఎక్కడ తగులుతుందోనని బ్యాగు గుండెకు అదుముకుని కూర్చునేదాన్ని. ఇప్పుడు నా సీటు నాది, నా దారి నాది.

ఉంటాను.
మీ ఉష


విజయవాడ,
27 ఫిబ్రవరి

ప్రియమైన ఉషకు,

నీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బ్రేకు వేస్తే పొదుపట! సర్వీసంతా రైళ్లు నడిపినవాడికి షోరూం పిల్ల పాఠం చెబుతోందా? ఇక్కడ మెస్సులో చదివి వినిపిస్తే తోటి ఇన్‌స్పెక్టర్లు పొట్టలు పట్టుకున్నారు. న్యూట్రల్ వేయడం నీకు సరిగ్గా రాలేదు, అంతే. ఒక నెల కాదు, ఒక్క రోజు కూడా వద్దు.

నేను వచ్చేదాకా బండి చిన్నారావు నడుపుతాడు. వాడికి నా పద్ధతి తెలుసు. నా దగ్గరున్న రెండో తాళం వాడికి కొరియర్ చేశాను. ఎప్పుడో ఒకప్పుడు వచ్చి తీసుకెళ్తాడు. నువ్వు ఆటోలో వెళ్లు, నీకు అలవాటే కదా. ఇదంతా బండి బాగుండాలనే తప్ప నీ మీద కోపం కాదు.

వేసవి వస్తోంది, కూలర్‌కు గడ్డి మార్పించు.

నీ మేలు కోరే
అప్పలస్వామి


బిలాస్‌పూర్,
9 మార్చి

ప్రియమైన మీకు,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రావడం లేదు. అలవాటుకొద్దీ రాశాను.

మీ ఉత్తరం నాకు చేరేలోపే మీ తమ్ముడు వచ్చాడు. ఇంటికి కాదు, నా బ్రాంచికి. వచ్చినవాడు లోపలికి వచ్చి ఒక మాటైనా అనలేదు. సాయంత్రం పని ముగించి బయటికొస్తే వేపచెట్టు కింద కారు లేదు. మేనేజరు గారు పోలీసులకు ఫోన్ చేయబోతుంటే గార్డు పరిగెత్తుకొచ్చి, "ఆప్‌కే దేవర్‌జీ లే గయే, మేడమ్. భయ్యానే భేజా హై బోలే" అన్నాడు. బ్రాంచి బ్రాంచంతా నన్ను చూస్తోంది. మొగుడు చెబితే మరిది వచ్చి కారు తోలుకుపోయాడని అందరికీ ఒక్కసారే తెలిసింది. నేను ఏం తప్పు చేశానని నాకీ తలవంపు?

షేర్ ఆటోలో ఇంటికి వచ్చాను. అలవాటే కదా అన్నారు. ఆ మాట రాయడానికి మీకు మనసెలా ఒప్పింది? నా బాధ మొన్ననే విప్పి చెప్పుకున్నాను. అది చదివి, నా సీటు తీసి ఇంకొకరికిచ్చి, మళ్లీ అక్కడే కూర్చోమన్నారు. ఆ కారు నా జీతంతో కొన్నాను, నా పేరున ఉంది. మీ ఇంజను తాళం ఇలాగే ఎవరైనా పట్టుకుపోతే ఊరుకుంటారా మీరు?

నిన్న ఆదివారం మంగాయమ్మ గారిని తోడు తీసుకుని గోల్ బజార్లో చిన్నారావు ఇంటికి వెళ్లాను. వాడు చొక్కా వేసుకుంటూ బయటికి వచ్చి, "ఏటి వదినా, అన్నయ్య తోలమంటే తోల్తన్నాను. నన్నేటి సెయ్యమంటావు?" అన్నాడు. ఏమీ చెయ్యక్కర్లేదు, తాళం ఇస్తే చాలన్నాను. కాసేపు నసిగాడు. మంగాయమ్మ గారు గుమ్మంలోనే కుర్చీ వేయించుకుని కూర్చున్నారు, తాళం వచ్చేదాకా లేచేది లేదన్నారు. తాళం ఇచ్చాడు. నీ చేతిలో ఎంత వచ్చింది నాయనా అని అడిగితే నేల చూశాడు. పదకొండేనట. నాకు వచ్చిన పదకొండు నా కాలి తప్పయితే, వాడికి వచ్చిన పదకొండు ఎవరి కాలి తప్పో మీరే చెప్పాలి.

ఇక నా కారు నేను నడుపుకుంటాను. ఈ ఉత్తరానికి జవాబు అక్కర్లేదు.

ఉషారాణి


విజయవాడ,
24 ఏప్రిల్

ప్రియమైన ఉషకు,

చాలా రోజులైంది. నీ కోపం చల్లారనిద్దామని నేనూ రాయలేదు. అయిందేదో అయింది.

నిన్న చిన్నారావు ఫోన్ చేశాడు. కారు లీటరుకు పద్దెనిమిది ఇస్తోందని మంగాయమ్మ గారు కాలనీ అంతా చాటుతున్నారట! ఎంత సంతోషించానో చెప్పలేను. పైకి ఎంత కోప్పడినా లోపల నా మాట విన్నావన్నమాట. న్యూట్రల్ చేతికి రావాలే గానీ మైలేజీ ఎక్కడికి పోతుంది?

ఆ ఊపులో ప్రిన్సిపాల్ గారికి చెప్పాను. వచ్చే నెల ఇక్కడ ఇంధన పొదుపు సభ పెడుతున్నారు. కోస్టింగ్ మీద నన్ను మాట్లాడమన్నారు. నా పద్ధతిలో ఇల్లాలు కూడా కారు నడిపి ఎంత ఆదా చేస్తోందో నీ మాటల్లో నాలుగు ముక్కలు రాసి పంపు. సభలో నేనే చదువుతాను. రెండు వందల మంది లోకో పైలట్లు వస్తారు, కార్డులు కూడా అచ్చయ్యాయి. కవరు విప్పకుండా వేదిక మీదే విప్పి చదువుతానని అందరి ముందూ చెప్పాను. మనం కూడబలుక్కుని రాశామని ఎవరూ అనకూడదు.

పొగడమని చెప్పను. జరిగింది జరిగినట్టు రాయి చాలు.

నీ
అప్పలస్వామి


బిలాస్‌పూర్,
5 మే

సభలో ఉన్న పెద్దలకూ, లోకో పైలట్లకూ, ఈ కాగితం పట్టుకుని నిలబడిన మా ప్రియమైన వారికీ నమస్కారం.

నా పేరు ఉషారాణి. బోద్రీలో బ్యాంకు ఉద్యోగం చేస్తాను. జరిగింది జరిగినట్టు రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను.

మా వారు చెప్పినట్టు న్యూట్రల్‌లో నడిపితే నా కారు లీటరుకు పదకొండు ఇచ్చింది. మా మరిది అదే పద్ధతిలో నడిపితే అతనికీ పదకొండే ఇచ్చింది. ఆ తరువాత నేను న్యూట్రల్ జోలికి పోలేదు. సిగ్నలు కనబడగానే దూరం నుంచే బ్రేకు మీద మెల్లగా కాలు ఆనించాను. పద్దెనిమిది వచ్చింది. ఈ కారు బ్రేకు వేసినప్పుడు తన ఊపును తానే కరెంటు చేసి దాచుకుంటుంది. దాచిన దానితో మళ్లీ ముందుకు కదులుతుంది. ఇందులో నా గొప్పేమీ లేదు. కళ్లెదుట కనబడింది చేశానంతే.

ఇలాంటి ఇంజన్లు మీ రైల్వేలోనూ వచ్చాయనీ, బ్రేకు వేస్తే కరెంటు పై తీగలోకి తిరిగి పోతుందనీ, ఆ పాఠం ఈ స్కూల్లో మా వారే చెబుతారనీ మా మరిది మొన్ననే నాతో అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. తెలియక అన్నారనుకుని ఇన్నాళ్లూ సరిపెట్టుకున్నాను. ఇంజను వేస్తే పొదుపైన బ్రేకు, పెళ్లాం వేసేసరికి దుబారా అయింది. అది నేను ఉత్తరంలో రాస్తే మెస్సులో చదివి నవ్వుకున్నారు. ఆ రోజు నవ్వినవాళ్లు ఈ సభలో ఉంటే వాళ్లకూ నా నమస్కారాలు.

ఆయన చెడ్డవారు కారు. అంత దూరాన ఉన్నా నా దగ్గు తగ్గిందా అని మరవకుండా అడిగే మనిషి. సెలవుకు వచ్చినప్పుడు స్టేషనుకు కారు తీసుకుని నేనే వస్తాను. పక్క సీటులో కూర్చోబెట్టుకుని ఇంటికి తీసుకెళ్తాను. దారిలో ఆయనకు ఏమైనా చెప్పాలనిపిస్తే ఇల్లు చేరాక చెప్పవచ్చు.

అయ్యా, ఆయన నీళ్లు తాగడానికి ఆగితే ఆగనివ్వండి గానీ, కాగితం మాత్రం మడవనివ్వకండి. ఇక్కడిదాకా చదివారంటే మీరంతా ఒక్కసారి చప్పట్లు కొట్టండి. పెళ్లయిన ఇన్నేళ్లలో నా మాటకు అడ్డు రాకుండా ఆయన చివరిదాకా ఉండటం ఇదే మొదటిసారి.

ఇట్లు,
కారు యజమాని,
ఉషారాణి