అన్నయ్య పాత గుండె

ఫిబ్రవరి 6
కొత్త ప్రాజెక్టు నా చేతికొచ్చింది. ఒక షుగర్ మాత్ర గుండె కండరాన్ని ఏం చేస్తుందో చూడాలి. గుండె మార్పిడిలో తీసేసిన పాత గుండెలు మా ల్యాబుకు వస్తాయి. పల్చటి ముక్క కోసి, పోషక ద్రవంలో ఉంచి, కాస్త కరెంటిస్తే అది వారాల తరబడి కొట్టుకుంటుంది. మందు పడ్డాక ఎంత బలంగా బిగుసుకుంటోంది? అదే ప్రశ్న.

అన్నయ్య వేసుకునేదీ ఆ మాత్రే.

ఫిబ్రవరి 11
అన్నయ్యకు చెప్పాను. ఊరంతా సిటీ బస్సు తిప్పినవాడు, ఇప్పుడు బాత్రూమ్ దాకా వెళ్లాలంటే దారిలో ఓసారి కూర్చోవాలి. కొత్త గుండె కోసం వెయిటింగ్ లిస్టులో ఉన్నాడు. నా పాతది పారేయనివ్వకే, నీ ల్యాబుకే తీసుకుపో, నా మాట ఎలాగూ వినట్లేదు, నీ మాటైనా వింటుందేమో అన్నాడు. వదిన టీవీ సౌండు పెంచింది.

ఫిబ్రవరి 19
గుండె ఇస్తానని అన్నయ్య ఆస్పత్రిలో చెప్పేశాడు. ఆ ముక్కల జోలికి నువ్వు రాకూడదు, నేనే చేస్తాను అన్నారు ప్రొఫెసర్. సరేనన్నాను.

మార్చి 2
ఆస్పత్రి నుంచి ఇంకా ఫోన్ రాలేదు.

మార్చి 14, ఉదయం
గుండె దొరికింది! అన్నయ్యను లోపలికి తీసుకెళ్లారు. వెళ్తూ వెళ్తూ వదినతో, తిను, నేనొచ్చేసరికి నువ్వు పడిపోతే నిన్నెవరు మోస్తారు అన్నాడు.

మార్చి 14, సాయంత్రం
రాయకపోతే పిచ్చెక్కేలా ఉంది.

ఆపరేషన్ థియేటర్ బయట కూర్చున్నాం. ప్రొఫెసర్ మెసేజ్ పెట్టారు: కొట్టుకుంటోంది, చాలా బాగుంది. నా భుజం మీదుగా వదిన చదివేసింది. నన్ను వాటేసుకుని ఏడ్చింది, నవ్వింది, పక్క బెంచీ మీద ఎవరో తెలియని ఆవిడకు కూడా చెప్పింది. అది పాతది వదినా అనడానికి నాకు నోరు రాలేదు.

కాసేపటికి సర్జన్ బయటికొచ్చారు. కొత్తది కొట్టుకోలేదు. చెయ్యగలిగినదంతా చేశామన్నారు. వదిన ఆయనతో గొడవపడింది. కొట్టుకుంటోందని మాకు మెసేజొచ్చింది, మళ్లీ వెళ్లి చూడండి అంది.

మార్చి 15
అన్నయ్య చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి. అందరం దాటుకుని నడుస్తున్నాం.

మార్చి 27
ల్యాబుకు వెళ్లాను. అన్నయ్య గుండెలోంచి కోసి మందు వేసిన ముక్కలు మునుపటికన్నా బలంగా బిగుసుకోవడం లేదు. కానీ బిగిశాక తేలిగ్గా వదులవుతున్నాయి. వదులైతేనే కదా గుండె మళ్లీ రక్తంతో నిండేది. మంచి గుర్తే, కానీ ఒక్క గుండెతో తేలదు అన్నారు ప్రొఫెసర్. మా అన్నయ్యకు మేలు చేసిందా అని అడిగాను. ముక్క సంగతి చెప్పగలను గానీ మనిషి సంగతి చెప్పలేనమ్మా అన్నారు.

ఏప్రిల్ 2
అన్నం ముందు కూర్చుని వదిన అడిగింది, ఆ రోజు కొట్టుకున్నది ఏది అని. చెప్పాను. ఇంకా ఉందా అంది. ఉంది అన్నాను. చెయ్యి కడుక్కుని లేచిపోయింది.

ఏప్రిల్ 3
వదినను ల్యాబుకు తీసుకెళ్లాను. అద్దం వెనక చిన్న ముక్క, బిగుస్తూ, వదులవుతూ. చాలాసేపు చూసింది. నువ్వు బయటికి పో అంది.

తలుపు మూస్తుంటే వినిపించింది. దాన్ని తిడుతోంది.