సోఫా చేతి మీది మైనం

అత్తమ్మా, నా రాత వంకర, తప్పులు కూడా ఉంటయి. ఏమనుకోకు.

రేపు నీ సంవత్సరీకం. చుట్టాలొస్తరు, తోలు సోఫా చేతి మీది మైనం తియ్యమన్నడు నీ కొడుకు. కరెంటు పోయిన సాయంత్రం నేను బియ్యంల రాళ్లు ఏరుతుంటే, మైనం చుక్కలు కార్చి కొవ్వొత్తిని అక్కడ నిలబెట్టింది నువ్వే. "సోఫా ఖరాబైతది అత్తమ్మా" అంటే, "ఏందే, నీ కండ్లకన్న సోఫా ఎక్కువనా?" అన్నవు.

ఐసు ముక్క పెట్టి, చెంచాతో మెల్లగ గీకితే మైనం పెళ్లలుగ ఊడొచ్చింది. కింద గుండ్రటి మరక మిగిలింది. "కొబ్బరినూనె రాయి, అది గూడ పోతది" అంటున్నడు. నూనె సీసా పట్టుకొని కూసున్న. రాయాల్నా, వద్దా? అడుగుదామంటే నువ్వే లేవు. ఇప్పటికైతే మరక మీద తువ్వాల కప్పిన.

చదివినంక దీన్ని పొయ్యిల వెయ్యి అత్తమ్మా. సోఫా తుడవనీకి ఇంత రాసిందా అని నీ కొడుకు నవ్వుతడు.