పొట్టి మేస్త్రి గారింటికి వెళ్ళాం

అమ్మా, దారిలో ఏ ఇబ్బందీ లేదు, నాన్నకు ఆయాసం రాలేదు, కంగారుపడకు.

నిన్న ఉదయం కోట చూశాం. పడుచు వయసులో తనూ పొట్టి మేస్త్రీ కలిసి తిరగకట్టిన బురుజును నాన్న పిల్లలకు చూపించారు. "మేం పెట్టిన రాళ్ళేవో కనిపెట్టండి చూద్దాం" అంటూ ఎంతో హుషారుగా ఉన్నారు. అక్కణ్ణించి నేరుగా మేస్త్రి గారింటికి వెళ్ళాం. తలుపు తీసిన ఆయన భార్య నాన్నను చూసి గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. ఆయన పోయి ఎనిమిది రోజులైందట.

"మంచం పట్టగానే కార్డు రాశాను కదన్నయ్యా! ఒక్కసారి మిమ్మల్ని చూడాలన్నారు. వీధిలో బండి చప్పుడైతే చాలు, మీరే అనుకునేవారు" అంది.

నాన్న నా వైపు తిరిగి, "మనకేమన్నా కార్డొచ్చిందా?" అని అడిగారు.

పోయిన నెల నేను వచ్చినప్పుడు నువ్వొక కార్డును బీరువాలో చీరల కింద పెట్టడం చూశానమ్మా. అయినా, "లేదు నాన్నా, పోస్టులో పోయుంటుంది" అనేశాను. ఆయన నమ్మారు. అప్పటినుంచి అన్నం ముట్టకుండా పోస్టుమ్యాన్‌ని తిడుతున్నారు.

గుండె ఆపరేషనైన మనిషి తట్టుకోలేడని భయపడ్డావు, నాకు తెలుసు. నీ మీద కోపం లేదు. కానీ ఆయన మొహం చూస్తూ ఇంకోసారి అబద్ధం ఆడలేను.

మిగతా ఊళ్ళు మానుకుని ఆదివారం వచ్చేస్తున్నాం. మోకాలికి కాపడం పెట్టుకుంటున్నావా? ప్లంబరు వచ్చాడా? అన్నయ్యను ఆ పూట ఇంట్లోనే ఉండమను. నాన్న కాస్త స్థిమితపడ్డాక ఆ కార్డు నువ్వే ఆయన చేతికివ్వు. నేను పక్కనే ఉంటాను.

పిల్లల ముద్దులతో,
నీ చిన్నమ్మాయి