మా అత్తగారి కంట్లో కదులుతున్నది

ఆసుపత్రి సూపరింటెండెంటు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా అత్తగారిని రేపు ఉదయం మానసిక రోగుల వార్డుకు మార్చే ఉత్తర్వు నిలిపి, ఆమె కుడికంటిని మరొకసారి పరీక్షించుట గురించి.

1. మా అత్తగారి కుడికంటి తెల్లగుడ్డు పొర కింద పురుగు ఒకటి పాకుచున్నది. కుట్టుదారమంత సన్నం, గోరంత పొడవు. కాసేపు కనబడి లోపలికి పోవును. ఆమెకు మతి చక్కగా ఉన్నది. నేను కూరలో ఉప్పు మరిచిన రోజులన్నీ ఇప్పటికీ ఆమెకు జ్ఞాపకమే.

2. సదరు పురుగు పరీక్ష గదిలో ఎన్నిసార్లు చూసినా కనబడలేదు. ఆ గదిలో ఏసీ చలి. ఇంట్లో పొయ్యి దగ్గర కూర్చుని ముఖానికి సెగ తగిలినప్పుడే అది పైకి రావడం నేను గమనించాను. ఈ సంగతి చెప్పబోతే చిన్న డాక్టరు గారు, "పెద్దావిడది భ్రమమ్మా. వినీ వినీ మీకూ పట్టుకున్నట్టుంది. మీకూ ఓ చీటీ రాయమంటారా?" అన్నారు. అప్పటి నుండి నోరు విప్పడానికి భయంగా ఉన్నది. నన్నూ చేర్చుకుంటే ఆమె తరఫున చెప్పేవారు ఉండరు.

3. రేపటి నుండి నిద్రమాత్రలు ఇస్తారట. కళ్లు మూసుకుని పడుకున్న మనిషి కంట్లో ఏమి తిరుగుతున్నదో ఎవరు చూస్తారు? చూపు పోయాక నిజమని తేలితే ఏమి లాభం?

4. నిన్న ఆమె నా చెయ్యి పట్టుకుని, "ఇన్నేళ్లూ నా కంట్లో నలుసువి నువ్వేననుకున్నానే. ఇప్పుడు నా మాట నమ్మేదానివి నువ్వొక్కదానివే. నన్ను ఆ వార్డుకి పంపించకే" అన్నారు. ఆమె నన్ను ఆజ్ఞాపించడమే తప్ప బతిమాలడం ఎన్నడూ చూడలేదు.

కావున కంటి డాక్టరు గారు చలి లేని గదిలో, దీపం పెట్టి, కాసేపు ఓపిక పట్టి చూచునట్లును, రక్తపరీక్ష కూడా చేయించునట్లును ఉత్తర్వు ఇప్పించ ప్రార్థన. ఏమీ లేదని తేలితే మా ఇద్దరినీ ఎక్కడికి పంపినా సంతకం పెడతాను. ఈ విన్నపాన్ని, వీలైతే ఆమె కంటిని కూడా, తమరు స్వయంగా చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
స్త్రీల వార్డులో కిటికీ పక్క మంచం పెద్దావిడ కోడలు

తా.క.: అయ్యా, మీ గది బయట బల్ల మీదే ఉన్నాం. ఫ్లాస్కులోని వేడినీళ్లతో రుమాలు తడిపి, పిండి, ఆమె కంటికి కాపడం పెట్టాను. పైకి వచ్చింది. నల్లగుడ్డు వైపు పాకుతోంది. మీ బంట్రోతు కూడా చూశాడు. ఈ కాగితం అతని చేతే పంపుతున్నాను. అత్తయ్య రెప్ప వేయకుండా కూర్చున్నారు. "త్వరగా రమ్మనవే, మండిపోతోంది" అంటున్నారు. ఎక్కువసేపు ఆగలేరు. తలుపు తియ్యండి.